మూలన పోయిన రెండు అక్షరాలు: ఒక పురావస్తు పత్రికలో ఆథర్‌షిప్ కేసు

ఒక తవ్వకం మీద మేం వేసిన పరిశోధన పేపర్ ఆన్‌లైన్‌లోకి వచ్చిన పదకొండో రోజున మా పత్రిక ఇన్‌బాక్స్‌లో ఒక మెయిల్ పడింది. సబ్జెక్ట్ దగ్గర "ఫిగర్ 6 గురించి" అని మాత్రమే ఉంది. లోపల నాలుగే వాక్యాలు. ఫిగర్ 6, 7, 8 నేను గీసినవి. టేబుల్ 3లోని కొలతలూ వర్గీకరణా నావే. పేపర్‌లో నా పేరు ఎక్కడా కనబడలేదు. ఇది పొరపాటా, పద్ధతే ఇంతా అని అడుగుదామని రాస్తున్నాను.

కోపం లేదు, బెదిరింపు లేదు. జతగా ఒక స్కాన్ పంపారు. ట్రేసింగ్ ఫిల్మ్ మీద గీసిన కుండ అంచు పెంకు బొమ్మ అది. మధ్యలో నిలువు గీత, ఎడమవైపు నల్లగా నింపిన గోడ మందం, కుడివైపు బయటి ముఖం, చుక్కలతో వేసిన నీడ, కింద సెంటీమీటర్ల స్కేల్. స్కేల్ కింద కుడి మూలన పెన్సిల్‌తో చిన్నగా రెండు పొడి అక్షరాలు, పక్కన తేదీ. మా పీడీఎఫ్ తెరిచి పక్కన పెట్టుకుని చూశాను. అదే పెంకు. అంచు దగ్గర ఎగిరిపోయిన చిన్న ముక్క కూడా అచ్చం అలాగే ఉంది. స్కేల్ ఉంది. అక్షరాలు లేవు. స్కేల్ కింద కత్తెర పెట్టినట్టు బొమ్మ అక్కడితో ఆగిపోయింది.

పురావస్తు శాస్త్రంలో ఎవరు రాస్తున్నారు, ఎవరికి చోటు దొరకడం లేదు అన్న విషయం మీద మా సంపాదకవర్గం అప్పటికి రెండేళ్లుగా మాట్లాడుకుంటూనే ఉంది. మీటింగులు పెట్టుకున్నాం, పాత సంచికలు తిరగేసి లెక్కలు కట్టాం. అసోసియేట్ ఎడిటర్‌గా ఆ పని చాలావరకు నా చేతుల మీదుగానే నడిచింది. ఈ పేపర్‌ను రివ్యూకు, అంటే తోటి నిపుణుల పరిశీలనకు, పంపిందీ, ఓకే చేసిందీ కూడా నేనే. అందుకే ఈ కేసు రాస్తున్నాను. తవ్వకం ఎక్కడ జరిగిందో, ఏ కాలానిదో, ఎవరు చేశారో తెలిసే వివరాలన్నీ తీసేశాను. మెయిల్ రాసినావిడ ఈ వ్యాసం చదివి, రెండు చోట్ల దిద్ది, సరే అన్నాకే బయటపెడుతున్నాను.

పేపర్‌లో ఏముంది

ఒక పాత నివాస స్థలం. మూడు సీజన్లు తవ్వారు. పేపర్‌లో మూడు పాయలున్నాయి: రేడియో కార్బన్ తేదీలు (పాత బొగ్గు, ఎముకల్లాంటి వాటిలో మిగిలిన కార్బన్‌ను బట్టి కట్టిన వయసు), కుండల లోపలి పొరలో ఇంకిపోయిన కొవ్వు అవశేషాల విశ్లేషణ, కుండల వర్గీకరణ. ఆథర్లు ఆరుగురు. తవ్వకం డైరెక్టర్, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన ఒక విద్యార్థి, వేరే దేశాల్లోని రెండు ల్యాబుల నుంచి నలుగురు. కృతజ్ఞతల్లో చివరి వాక్యం ఇలా ఉంది: "తవ్వకంలోనూ డ్రాయింగ్‌లలోనూ సహకరించిన స్థానిక బృందానికి ధన్యవాదాలు."

ఇద్దరు రివ్యూయర్లు చూశారు. ఇద్దరూ తేదీల క్యాలిబ్రేషన్ (ల్యాబు లెక్కను క్యాలెండర్ సంవత్సరాల్లోకి మార్చడం) మీద ప్రశ్నలు వేశారు. రెండో రివ్యూయర్ మాత్రం ఒక మెచ్చుకోలు వాక్యం రాశారు: ఈ పేపర్‌కు వెన్నెముక కుండల వర్గీకరణే, తేదీలు దాన్ని బలపరుస్తున్నాయి, అంతే. ఆ వాక్యాన్ని నేను నిర్ణయం లేఖలో ఎత్తి రాశాను కూడా. ఆ వెన్నెముక ఎవరిదో అడగాలని నాకు తట్టలేదు.

అది ఎలా తయారైందో తర్వాత ఆమె మాకు వివరంగా రాశారు. మొదటి సీజన్‌లో పెంకులు కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాని మీద ఇండియన్ ఇంక్‌తో నంబరు వేసే పనికి చేరారు. రెండో సీజన్‌కు మట్టి రకాన్ని బట్టి వేరుచేయడం మొదలుపెట్టారు. విరిగిన అంచు మీద చేతి లెన్స్ పెట్టి, మట్టిలో కలిపినది ఇసుకా, నలగ్గొట్టిన పాత పెంకా, ఊకా అని చూడటం. మూడో సీజన్‌కు అంచు పెంకుల్ని వృత్తాల చార్టు మీద ఆనించి కుండ మూతి వ్యాసం తేల్చడం, బొమ్మ గీయడం, రకాలుగా విడగొట్టడం అన్నీ ఆమే చేశారు. డైరెక్టర్ గారు మొదట ఇచ్చిన జాబితాలో నాలుగో రకం, ఏడో రకం వేరువేరుగా ఉన్నాయి. అవి రెండూ ఒకటే రకమని, మూతి దగ్గర తేడా కనబడేది చక్రం మీద చేయి ఆపిన తీరు వల్లేనని ఆమె వాదించారు. డైరెక్టర్ గారు ఒప్పుకుని రెంటినీ కలిపేశారు. టేబుల్ 3లో ఉన్నది ఆ కలిపేసిన జాబితా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన రంగంలో ఈ పని మొత్తాన్నీ "ప్రాసెసింగ్" అనేస్తాం. గోధుమలు పట్టించినట్టు, యంత్రం ఒక వైపు నుంచి పోస్తే రెండో వైపు నుంచి వచ్చేస్తుందన్నట్టు. కానీ రెండు పెంకులు పక్కపక్కన పెట్టి ఇవి ఒకే రకం అనడం ఒక వాదన. ఆ మాట తప్పయితే దాని మీద కట్టిన కాలక్రమమంతా కదిలిపోతుంది. పెంకు బొమ్మ గీయడం కూడా ఉన్నదాన్ని దింపడం కాదు. వాలు ఎంత, గోడ ఎక్కడ పలచబడింది, ఏ గీత అలంకారం, ఏ గీత పారతో తగిలిన దెబ్బ అన్నది గీసేవాళ్లే నిర్ణయిస్తారు. ల్యాబులో యంత్రం నడిపినవాళ్ల పేరు ఆథర్ల వరుసలోకి ఎక్కడం ఎవరికీ వింతగా అనిపించదు. కళ్లతో, చేత్తో అదే స్థాయి నిర్ణయం చేసినవాళ్ల పేరు కృతజ్ఞతల్లోకి, అది కూడా పేరు లేకుండా, జారిపోవడం కూడా ఎవరికీ వింతగా అనిపించదు.

పురావస్తు శాస్త్రవేత్త జోన్ గెరో 1985లోనే "అమెరికన్ యాంటిక్విటీ" పత్రికలో ఈ విషయం ఎత్తి చూపారు. ఫీల్డ్‌కు వెళ్లి తవ్వుకొచ్చేది మగవాళ్ల పనిగా, తెచ్చినదాన్ని కూర్చుని ఏరి, శుభ్రం చేసి, సర్దేది ఆడవాళ్ల పనిగా, అంటే ఇంటిపనికి కొనసాగింపుగా, ఈ రంగం చూస్తోందని ఆమె వాదన. నేను ఆ వ్యాసాన్ని విద్యార్థులకు పాఠం చెప్పినవాణ్ణి. పాఠం చెప్పడం వేరు, ప్రూఫులు చూసేటప్పుడు గుర్తుకు రావడం వేరు.

నియమం ఏం చెబుతుంది

మా పత్రిక ఆథర్‌షిప్ నియమాలు చాలా పత్రికల్లాగే వైద్య రంగం నుంచి అరువు తెచ్చుకున్నవి. ఐసీఎంజేఈ అనే వైద్య పత్రికల సంపాదకుల కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి. పేపర్ రాయడంలోనో, లోతుగా దిద్దడంలోనో చేయి ఉండాలి. చివరి ప్రతికి అంగీకారం తెలపాలి. పేపర్‌లో ఉన్నదానికి జవాబుదారీగా ఉండాలి. నాలుగూ ఉంటేనే ఆథర్.

డైరెక్టర్ గారి మొదటి జవాబు దీని మీదే నిలబడింది. ఆమె పేపర్ రాయలేదు, చివరి ప్రతి చూడలేదు, కాబట్టి ఆథర్ కాదు. వినడానికి పక్కా లాజిక్. కానీ ఆమెకు డ్రాఫ్ట్ పంపిందెవరు? పంపకపోతే ఆమె దిద్దేదెలా, ఒప్పుకునేదెలా? వాకిలి తాళం వేసి, లోపలికి రాలేదు కాబట్టి చుట్టం కాదన్నట్టుంది. నిజానికి అదే ఐసీఎంజేఈ పత్రంలో, మొదటి షరతు తీర్చినవాళ్లందరికీ మిగతా మూడూ తీర్చే అవకాశం ఇవ్వాలని స్పష్టంగా ఉంది. చాలా పత్రికలు నాలుగు షరతుల్నీ కాపీ చేసుకున్నాయి, ఈ వాక్యాన్ని వదిలేశాయి. మేమూ వదిలేశాం. మా వెబ్‌పేజీ వెతికితే లేదు.

రెండో జవాబు: ఆమెకు ఒప్పందం ప్రకారం జీతం ఇచ్చాం. దీనికి నేను పెద్దగా ఆలోచించకుండానే తిరుగు మెయిల్ కొట్టాను. జీతం తీసుకోనివాళ్లే ఆథర్లు కావాలంటే ఆ ఆరుగురిలో ఒక్కరూ మిగలరు. కాస్త దురుసుగా ఉందని తర్వాత అనిపించింది కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఇలాంటి గొడవల్లో ఎడిటర్ న్యాయమూర్తి కాదు. కోప్ అనే ప్రచురణ నైతికత కమిటీ దారి చూపిస్తుంది: ఆథర్లందరినీ అడగండి, అందరూ ఒప్పుకుంటే సవరణ వేయండి, ఒప్పుకోకపోతే వాళ్ల సంస్థకు అప్పగించండి. కాగితం మీద సబబుగానే ఉంది. ఆచరణలో సంస్థకు అప్పగించడం అంటే, తవ్వకం పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఆఫీసుకే ఫైల్ పంపడం. వచ్చే సీజన్‌కు ఎవరిని తీసుకోవాలో తేల్చేది కూడా అక్కడే. ఆమె మొదట్లో ఒకే ఒక్క షరతు పెట్టారు: సంస్థకు రాసేముందు నాకు చెప్పండి. భయపడుతున్నారా అని అడగలేదు. అడగాల్సిన అవసరం కనిపించలేదు.

ఎలిసన్ మికెల్ అనే పరిశోధకురాలు జోర్డాన్‌లోని పెట్రాలోనూ టర్కీలోని చాతల్‌హొయుక్‌లోనూ తవ్వకం కూలీలతో చేసిన పరిశోధన 2021లో పుస్తకంగా వచ్చింది. అందులో ఒక సంగతి నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. కూలీలకు మట్టి గురించీ పొరల గురించీ చాలా తెలుసు. కానీ తెలియనట్టు ఉంటేనే పని దొరుకుతుంది, అలా ఉండటమే లాభం. జ్ఞానం లేకపోవడం కాదు, లేనట్టు కనిపించడం ఒక ఉద్యోగ అర్హత. మా కేసులో ఆమె అలా కనిపించడానికి ఒప్పుకోలేదు, అంతే తేడా.

ఇది ఇప్పటి జబ్బు కూడా కాదు. సింధు నాగరికత గురించి ప్రపంచానికి తెలిసింది 1924 సెప్టెంబర్ 20న "ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్"లో అప్పటి పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ పేరుతో వచ్చిన వ్యాసంతో. హరప్పాలో తవ్వించింది దయారాం సహాని, మొహెంజొదారోలో రాఖాల్‌దాస్ బెనర్జీ. వీళ్లిద్దరూ అధికారులు కాబట్టి ఈ పేర్లయినా మనకు తెలుసు. వాళ్ల ట్రెంచిల్లో దిగి తవ్వినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

కత్తెర ఎవరిది

డైరెక్టర్ గారికి మూడు ఉత్తరాలు రాశాను. మూడో ఉత్తరంలో, డ్రాయింగుల మీద పొడి అక్షరాలు తీసేయడం గురించి వివరణ కావాలని కూడా అడిగాను. ఆయన నుంచి ఒక్క లైను వచ్చింది: మేము పంపిన ఫైళ్లు చూడండి.

అప్పుడు చూశాను. అంతకుముందు చూడలేదు. సబ్మిషన్ సిస్టమ్‌లో మొదట అప్‌లోడ్ చేసిన బొమ్మల్లో మూడింటికి మూడిట్లోనూ కుడి మూలన ఆ అక్షరాలున్నాయి. రివ్యూయర్లు చూసిన ప్రతిలోనూ ఉన్నాయి. తీసేసింది మేము. పేజీలు కట్టేవాళ్లకు మేము ఇచ్చిన స్టైల్ షీట్‌లో ఒక పాత లైను ఉంది: బొమ్మను స్కేల్ వరకు కత్తిరించాలి, చేతిరాత గుర్తులు తీసేయాలి. పెన్సిల్ మరకలు, ట్రెంచ్ నంబర్లు అచ్చులోకి రాకుండా ఉండాలని ఎప్పుడో ఎవరో రాసిన లైను. రెండేళ్ల క్రితం ఆ షీట్‌ను సవరించినప్పుడు ఈ లైను అలాగే ఉంచి కింద సంతకం చేసింది నేను. ప్రూఫులు ఆరుగురు ఆథర్లకూ వెళ్లాయి, నేనూ చూశాను. ఎవరికీ కనబడలేదు.

డైరెక్టర్ గారికి క్షమాపణ రాశాను. ఆమెకూ రాశాను. ఈ రెండిట్లో మొదటిది రాయడమే కష్టమైంది, ఎందుకంటే ఆథర్‌షిప్ విషయంలో ఆయనదే తప్పని నాకు అప్పటికీ అనిపిస్తోంది, కానీ నేను గొంతు పెంచి అడిగిన విషయంలో తప్పు మాది.

ఆశ్చర్యంగా ఆ క్షమాపణ తర్వాతే బిగిసిన ముడి వదులైంది. ఆయన ఫోన్ చేశారు. ఆయన మాటల్ని బట్టి చూస్తే ఇందులో పెద్ద కుట్రేమీ లేదు. ఆయన గురువు దగ్గర ఆయనా ఇలాగే పెంకులు గీశారు. ఆయన పేరూ రాలేదు. అది శిక్షణలో భాగమనుకున్నారు.

సవరణ నోటులో ఒక మాట

ల్యాబుల్లోని నలుగురిలో ముగ్గురు వెంటనే ఒప్పుకున్నారు. బొమ్మలు డైరెక్టరే గీశారని అనుకున్నామని ఇద్దరు రాశారు. నాలుగో వ్యక్తి చాలాకాలం జవాబివ్వలేదు. అభ్యంతరం ఉండి కాదు, మెయిల్ చదవక. అన్నీ కలిపి ఏడు నెలలు పట్టింది.

నోటు మొదటి ప్రతిని డైరెక్టర్ గారే రాసి పంపారు. "ఐదో ఆథర్ పేరు పొరపాటున వదిలిపోయింది" అని ఉంది. ఆమె ఒక్క మాట దగ్గర ఆగారు. పొరపాటున కాదు అన్నారు. నా పేరు ఉండాలా అని ఎవరైనా ఆలోచించి, ఉండాలనుకుని, టైపు చేయడం మర్చిపోతే అది పొరపాటు. ఇక్కడ ఎవరూ ఆలోచించలేదు. ఆయన వైపు నుంచి చూస్తే, "ఉద్దేశపూర్వకంగా" అని పడితే పరువు పోతుంది. అది నిజం కూడా కాదు. పది రోజులు ఆ ఒక్క మాట చుట్టూ మెయిళ్లు తిరిగాయి. చివరకు కారణం చెప్పే మాటే తీసేశాం. "అసలు ప్రచురణలో ఈ ఆథర్ పేరు లేదు. ఇప్పుడు చేర్చాం. ఫిగర్ 6 నుంచి 8 వరకు డ్రాయింగులు, టేబుల్ 3లోని వర్గీకరణ ఈమెవి. బొమ్మల మీది పొడి అక్షరాలను తీసేసింది పత్రిక. వాటిని తిరిగి పెట్టాం." ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇదే సందర్భంలో ఒక చిన్న పక్కదారి. పేరు చేర్చేటప్పుడు నోటు బహిరంగంగా ఉండాల్సిందే. కానీ పేరు మార్చుకున్న ఆథర్ల విషయంలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. జెండర్ మార్పు వల్ల కావచ్చు, పెళ్లి, విడాకులు, మతం వల్ల కావచ్చు, పాత పేపర్ల మీద కొత్త పేరు కావాలని అడిగేవాళ్లకు ఏ నోటూ వేయకుండా నిశ్శబ్దంగా మార్చే విధానాన్ని 2020 తర్వాత చాలామంది పెద్ద ప్రచురణకర్తలు తెచ్చారు. అక్కడ నోటు వేస్తే మనిషిని బజారున పెట్టినట్టే. మా పత్రిక సాఫ్ట్‌వేర్‌లో రెండింటికీ ఒకటే బటన్ ఉండేది. ఈ కేసు నడుస్తుండగా అది కూడా బయటపడి, విడదీయించాం.

మా లెక్కల్లో ఆమె ఎందుకు లేరు

మా సంపాదకవర్గం రెండేళ్లు కట్టిన లెక్కల గురించి మొదట్లో చెప్పాను. ఆ పని చేసేముందు చదవాల్సినవి చదివాం. డేనా బార్డాల్ఫ్ 2014లో, 1990 నుంచి 2013 దాకా వచ్చిన 11 పత్రికల్ని పరిశీలించారు. అచ్చులో ఆడవాళ్లు వెనకబడి ఉన్నారని, దానికి ఎడిటర్ల, రివ్యూయర్ల పక్షపాతం కంటే పేపర్లు పంపే తీరే కారణమయ్యే అవకాశం ఎక్కువని తేల్చారు. ఎడిటర్లకు ఇది కాస్త హాయిగా వినిపించే మాట. తలుపు మేం మూయలేదు, వాళ్లే తట్టలేదు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం.

లారా హీత్-స్టౌట్ 2020లో 21 పత్రికల ఆథర్లను నేరుగా అడిగి, జెండర్‌తో పాటు జాతి, లైంగికత కూడా కలిపి చూశారు. అది చదివాక మా పద్ధతి ఎంత నాసిగా ఉందో తెలిసింది. మేము మొదటి పేరు చూసి ఆడా మగా అని ఊహించి ఎక్సెల్‌లో పెట్టాం. ఒక సహోద్యోగి పేరును తప్పు గడిలో పెట్టాం కూడా. ఆమె మీటింగులోనే ఉన్నారు. టషింగ్‌హామ్ బృందం 2017లో పశ్చిమ ఉత్తర అమెరికాను తీసుకుని చూపించింది ఇంకొకటి: ఆడవాళ్లు రాయడం లేదని కాదు, పీర్ రివ్యూ (తోటి నిపుణుల రివ్యూ) లేని వేదికల్లో వాళ్ల పాలు పెద్దదే, పీర్ రివ్యూ గుమ్మం దగ్గరే అది పడిపోతోంది. ఫుల్కర్సన్, టషింగ్‌హామ్ 2019లో ఉద్యోగాన్ని కూడా కలిపి చూశారు. అక్కడ ఎక్కువమంది పురావస్తు శాస్త్రజ్ఞులు పనిచేసేది యూనివర్సిటీల బయటే, పత్రికల్లో మాటంతా యూనివర్సిటీలదే.

ఇవన్నీ మంచి పరిశోధనలు. ఇంకా కావాలి. కానీ ప్రచురణ లెక్క ఏదైనా ఆథర్ల వరుస దగ్గర మొదలవుతుంది. మా కేసులోని మనిషి ఆ వరుసకు బయట ఉన్నారు. మేము ఎక్సెల్ ఎంత బాగా కట్టినా అందులో ఆమెకు గడి లేదు. ఆరుగురిలో ఇద్దరు ఆడవాళ్లున్నారని ఆ పేపర్‌ను మా పట్టికలో పచ్చ రంగు కూడా వేశాం.

మార్చినవి, పనిచేయనివి

మొదట అందరూ చేసేదే చేశాం. క్రెడిట్ పద్ధతి పెట్టాం. పేపర్‌కు ఎవరు ఏం చేశారో 14 పాత్రలుగా విడగొట్టి చెప్పే పట్టిక అది. ఫలితం నీరసంగా ఉంది. ఆథర్లు ఆఖరి నిమిషంలో అందరికీ అన్నీ టిక్ పెట్టేస్తారు. పైగా ఆ పద్నాలుగులో తవ్వకం అనే పాత్ర లేదు, వర్గీకరణ లేదు. "ఇన్వెస్టిగేషన్" అనే ఒకే సంచిలో ట్రెంచ్‌లో మూడు నెలలు కూర్చోవడమూ, ల్యాబులో ఒక మధ్యాహ్నమూ కలిసిపోతాయి. ఇంకా పెద్ద లోపం ఏమిటంటే మేము పెట్టిన ఆ పట్టికలో ఆథర్లకే చోటు. బయట ఉన్నవాళ్లు బయటే ఉంటారు.

పనిచేసింది ఒక మొండి ప్రశ్న. సబ్మిషన్ ఫారంలో ప్రతి బొమ్మకూ ప్రతి టేబుల్‌కూ ఎదురుగా ఒక ఖాళీ పెట్టాం: ఇది తయారుచేసిందెవరు? పేరు రాయాలి. "బృందం" అని రాస్తే ఫారం ముందుకు కదలదు. దాని కింద ఇంకో ఖాళీ: ఈ మనిషికి డ్రాఫ్ట్ పంపారా, ఏ తేదీన? పంపకపోతే పేపర్ తిప్పి కొట్టం. కానీ ఖాళీగా వదిలిన గడి ఎడిటర్‌కు కనబడుతుంది, మేము అడుగుతాం. మొదట్లో చిరాకు మెయిళ్లు వచ్చాయి. ఒకాయన నలభై బొమ్మలకూ తన పేరే రాసి పంపారు. అవి నిజంగా ఆయనవే అని తర్వాత తెలిసింది.

స్టైల్ షీట్‌లో ఆ లైను కొట్టేశాం. గీసినవాళ్ల అక్షరాలు బొమ్మలో ఉంటాయి, పూర్తి పేరు కాప్షన్‌లో ఉంటుంది.

అందరినీ ఆథర్లను చేయాలని నేను అనడం లేదు. ఈ విషయంలో మా బోర్డులోనే నాతో ఏకీభవించనివాళ్లున్నారు. ట్రెంచ్‌లో తట్ట మోసిన ప్రతి ఒక్కరి పేరూ ఎక్కించాలని ఒకరి వాదన. కానీ ఆథర్ అన్నాక రేపు ఎవరైనా తేదీలు తప్పంటే జవాబు చెప్పాలి. ఆ బరువు వద్దనేవాళ్లుంటారు. పేరు బయటపడితే ఊళ్లో ఇబ్బంది అనేవాళ్లుంటారు. వ్యక్తుల పేర్లు కాదు, మా సమూహం పేరు పెట్టండి అనేవాళ్లుంటారు. ఆదివాసీ సమూహాల సమాచారం మీద 2019లో వచ్చిన కేర్ సూత్రాలు సమష్టి ప్రయోజనం, సమూహానికి అధికారం అనే మాటలతో మొదలవుతాయి. వ్యక్తిగత ఆథర్‌షిప్ అనే చట్రంలో అవి సరిగ్గా ఇమడవు కూడా. మేము చేయగలిగింది అడిగారా అని అడగడం వరకే.

భాష సంగతి విడిగా చెప్పాలి. వర్గీకరణ మీద మీరే ఒక పేపర్ ఎందుకు రాయలేదని ఆమెను అడిగాను. వేరే పత్రికకు ఒకసారి పంపారట. "ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారితో దిద్దించాలి" అన్న ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది. వాదన మీద ఒక్క మాట లేదు. ఆ పత్రిక మాది కాదు. కానీ మా పాత లేఖలు వెతికితే అదే వాక్యం మా దగ్గరా దొరికింది, ఒకటి రెండుసార్లు కాదు. ఇప్పుడు రివ్యూయర్ ఆ వాక్యం రాస్తే, ఏ పేరాలో ఏది అర్థం కాలేదో చెప్పమని తిప్పి పంపుతున్నాం. చాలామంది అప్పుడు ఏమీ రాయరు, అంటే అర్థమైనట్టే. సారాంశం రెండో భాషలో కూడా తీసుకుంటున్నాం. దాన్ని సరిచూసే మనుషులు దొరకడం మాత్రం ప్రతి సంచికకూ టెన్షనే.

పేర్లు దాచి రివ్యూ చేయించడం కూడా మొదలుపెట్టాం. దాని మీద నాకు పెద్ద ఆశ లేదు. పురావస్తు శాస్త్రంలో సైట్ పేరు చదివితే చాలు, ఎవరి తవ్వకమో రివ్యూయర్‌కు తెలిసిపోతుంది. సైట్ పేరు దాస్తే పేపరే ఉండదు. ఆథర్ ఫీజు (పేపర్ ప్రచురణకు ఆథర్లు కట్టే రుసుము) మినహాయింపు విషయంలో చేసిన మార్పు చిన్నదే అయినా పనిచేసింది. ఇంతకుముందు మినహాయింపు కావాలంటే కారణాలు చెబుతూ ఉత్తరం రాయాలి, అంటే బీదరుపులు అరవాలి. ఇప్పుడు ఫారంలో ఒక టిక్, కారణం అడగం.

రివ్యూయర్ల జాబితా పెంచే ప్రయత్నం మాత్రం సగంలో ఆగింది. యూనివర్సిటీల బయట పనిచేసేవాళ్లను పిలిచాం. ఒకరు సూటిగా రాశారు: నాకు రోజు కూలి లెక్కన జీతం, మీ పేపర్ చదవడానికి ఒక రోజు పడుతుంది, దానిలో ఎత్తి చూపిన వ్యాసాలు తెరవడానికి నాకు లైబ్రరీ యాక్సెస్ కూడా లేదు. దీనికి మా దగ్గర జవాబు లేదు. లైబ్రరీ యాక్సెస్ ఇప్పించే పనిలో ఉన్నాం. డబ్బు సంగతి బోర్డు అజెండాలో మూడుసార్లు వచ్చి మూడుసార్లూ వాయిదా పడింది.

ఇప్పుడు

ఆమె ఆ తర్వాతి సీజన్‌కు అక్కడికి వెళ్లలేదు. పిలవలేదా, వెళ్లలేదా అని నేను అడగలేదు. ఇంకో చోట పని చేస్తున్నారు. సవరణ రాకముందు ఒక ఉద్యోగానికి దరఖాస్తు చేశారు. అప్పటికి ఆమె ప్రచురణల జాబితాలో ఈ పేపర్ లేదు. డీఓఐ (ప్రతి పేపర్‌కూ ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) రికార్డులో ఇప్పుడు ఏడుగురి పేర్లున్నాయి. కానీ పాత పీడీఎఫ్ ఎంతమంది కంప్యూటర్లలో ఉందో చెప్పలేం. అది తనంతట తాను మారదు.

పోయిన వారం మాకు కొత్త పేపర్ ఒకటి వచ్చింది. టేబుల్ 3లోని వర్గీకరణను తీసుకుని పక్క లోయలోని పెంకులకు అన్వయించారు. బాగుంది. రిఫరెన్సుల్లో మా పేపర్ ఉంది, ఆరుగురి పేర్లతో. రివ్యూకు పంపేముందు ఆ లైను పక్కన క్వెరీ పెట్టాను: ఐదో ఆథర్ పేరు లేదు, సవరించిన ప్రతి చూసి సరిచేయగలరు.